కూరలో కత్తి పెచ్చు

మొన్న ఆదివారం నారాయణఖేడ్‌లో మటన్ దుకాణం ముందు నిలబడితే, తడిసిన చెక్క మొద్దు మీది నుంచి కొవ్వూ నెత్తురూ కలిసిన పచ్చి వాసన గుప్పుమంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ వాసనకు నా గుండె ఝల్లుమంటుంది.

నా చిన్నప్పుడు కందులు ఇల్లు చేరగానే బోరంచ నల్లపోచమ్మ గుడి దగ్గర మొక్కు మేకను, మా మాటలో యాటను, కోసేవాళ్లం. జొన్నరొట్టెల మూట, ఎల్లిపాయ కారం, పసుపు పూసిన బోనం బండిలో సర్దుకొని బయలుదేరితే, మంచుకు తడిసిన కంది కట్టె వాసన, ఎడ్ల మెడల గంటలు, నాయనమ్మ చుట్టపొగ దారి పొడుగునా మాతో వచ్చేవి. యాటను కోసేది బాపు. ఆయన కత్తిని మా ఊరి కమ్మరి లారీ కమాను పట్టాను సాగగొట్టి చేశాడు. నల్లగా, మొరటుగా ఉండేది. సాన పట్టీ పట్టీ అరిగి సన్నబడింది కాని, తొడబొక్క లాంటి గట్టి ఎముక మీద ఎంత కొట్టినా దాని అంచు పెచ్చు లేవలేదు.

ఒక ఏడు పట్నంలో కూలికి పోయిన చిన్నాయన కొత్త కత్తి తెచ్చాడు. అద్దంలా మెరిసే దానిలో మొహాలు చూసుకోవడానికి నేనూ తమ్ముడూ కొట్లాడుకున్నాం.

"గా పాతదాన్ని ఇగ ఇడిసిపెట్టన్నా. గిది చూడు, ఎట్ల తెగుతదో!" అన్నాడు చిన్నాయన.

నిజమే, లేత సొరకాయ తెగినట్టు తెగింది. బాపు మురిసిపోయి బొక్కలు కూడా దానితోనే కొట్టాడు.

కూర ఉడికింది. మోదుగాకు విస్తళ్లలో వేడివేడిగా వడ్డించారు. నాయనమ్మ తమ్ముడిని ఒళ్లో కూర్చోబెట్టుకొని మొదటి ముద్ద పెట్టింది. అంతలో కత్తి కడుగుతున్న చిన్నమ్మ కేక వేసింది.

"ఆగుండ్రి! ఎవ్వలు తినకుండ్రి! కత్తి నోరు ఇరిగింది!"

అందరి చేతులూ ఆగిపోయాయి. అంచులో గోరంత పెచ్చు ఊడిపోయింది. నాయనమ్మ తమ్ముడి నోట్లో వేలు పెట్టి ముద్దంతా గోకి తీసింది. "మింగినవా బిడ్డా? ఏమన్న గుచ్చుకున్నదా?" వాడు బెదిరి ఏడ్చాడు. ఏడుపులో దగ్గు వచ్చింది. ఆ దగ్గుకు అమ్మ మొహంలో నెత్తుటి చుక్క లేదు. బాపు మొద్దు చుట్టూ మట్టిని దోసిళ్లతో జల్లించాడు. మిగతావాళ్లం కూరంతా తాంబాళంలో కుమ్మరించి, తలలు వంచి, వేళ్లు కాలుతున్నా ముక్క ముక్కా చిదిమి చూశాం. దొరకలేదు.

"జల్దీ బండి కట్టుండ్రి, దవాఖానకు పోదాం," అంటూ చిన్నాయన ఎడ్ల దిక్కు ఉరికాడు.

అప్పుడు నాయనమ్మ చూపు తమ్ముడి విస్తరి మీద పడింది. వాడికిష్టమని ఏరి పెట్టిన మూలుగబొక్క ఇంకా అక్కడే ఉంది. దాన్ని తీసి రాయి మీద తట్టింది. మూలుగతో పాటు పెచ్చు జారిపడి ఎండకు తళుక్కుమంది.

ముద్దకు బదులు ముందు ఆ బొక్కే ఇచ్చి ఉంటే వాడు దాన్ని గట్టిగా చీకేవాడు. బాపు ఉన్నచోటనే కూలబడ్డాడు. చిన్నాయన ఆ పసివాడి కాళ్లు పట్టుకొని ఏడ్చాడు. ఆ రోజు మేమంతా ఎల్లిపాయ కారంతో రొట్టె తిని తిరిగొచ్చాం.

ఇప్పుడు కమ్మరి కొడుకులు పట్నంలో వాచ్‌మెన్లు. కొలిమి ఉన్న చోట తుమ్మ మొలిచింది. నాయనమ్మ, బాపు, అమ్మ, చిన్నాయన, చిన్నమ్మ ఒకరి వెనుక ఒకరు వెళ్లిపోయారు. తమ్ముడికి చెబితే నవ్వుతాడు. "నాకేం యాదికి లేదక్కా," అంటాడు.

వాడు ఆ రోజు దక్కాడన్న సంగతి గుర్తున్నదాన్ని ఇప్పుడు ఈ లోకంలో నేనొక్కదాన్నే.