కువైట్ కోసం ఎత్తిన రాయి

నలభై ఏళ్ళుగా ఒక రాయి మోస్తున్నాను. దించడానికి చోటు దొరక్క మీ దగ్గరికి తెచ్చాను.

ముందు మా వీధిలో అందరికీ చెప్పిన కథ వినండి. రెండు దేశాలు నాకోసం కొట్టుకున్నాయట. నేను ఇరాక్‌ని కాదని కువైట్‌ని కరుణించానట. సంగిడి రాయిని పువ్వులా నెత్తి మీదికి ఎత్తితే తగరపువలస నుంచి జనం లారీలెక్కి వచ్చి చూశారట.

లారీల్లేవు. మాతో పనిచేసే పోర్టు కళాసీలు పదిమంది ఉన్నారేమో. రాయి నా భుజం కూడా దాటలేదు.

ద్వారకా నగర్ ఏజెంటు దగ్గర రెండే వీసాలున్నాయి. ఒకటి కువైట్, ఒకటి ఇరాక్. ఇరాక్‌లో అప్పటికే యుద్ధం. నేనూ, మా అక్క మొగుడు సింహాచలమూ ఇద్దరం కువైటే అన్నాం. బాంబుల కిందికి ఎవరు పోవాలి? మా ఊళ్ళలో పౌరుషం తేల్చేది పిడి చెక్కిన ఆ బరువు గుండు, సంగిడి రాయే. పిడి పట్టి ఎవరు ఎక్కువ ఎత్తు లేపితే వాళ్ళదే కువైట్ అనుకున్నాం.

బావ నాకన్నా బలవంతుడు. ఆ ఉదయమే క్రేన్లకు గ్రీజు పెట్టే దానియేలు దగ్గరికి వెళ్ళాను.

"కొంచెం గ్రీజియ్యరా."

"దేనికి గురూ?"

"సైకిలు సైనుకి."

"నీకు సైకిలెక్కడిది గురూ?" అని నవ్వి, ఆకులో పెట్టి ఇచ్చాడు.

ముందు నేను ఎత్తాను. బావ తలకు తువ్వాలు చుట్టుకుంటుంటే, పిడి కింద వేళ్ళు మడిచే చోట పూశాను. మోకాలి దాకానైనా లేవదనుకున్నాను. బావ గుండెల దాకా లేపాడు. అప్పుడు జారింది. పాదం మీద పడింది. ఎముకలు చెరుకుగడల్లా విరిగిన చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది.

"పిడికేటో పూసినార్రా! ఎవుడ్రా?" అని నేల మీద పొర్లుతూ అరిచాడు.

అందరూ గుంపులో నిలబడ్డ దానియేలు గ్రీజు చేతులకేసి చూశారు. అతను నాకేసి చూశాడు. "గురూ, పొద్దున్న నువ్వే..."

మాట పూర్తి కానివ్వలేదు. బస్తాలు లాగే కొక్కెం తిరగేసి ఆ నోటి మీదే కొట్టాను. పళ్ళు రాలాయి. మళ్ళీ కొట్టాను. దవడ పక్కకు జరిగిపోయింది. బావ మీద ప్రేమతో రగిలిపోతున్నాననుకుని ఎవరూ ఆపలేదు, పైగా ఇద్దరు ముగ్గురు వాళ్ళ కాళ్ళకు కూడా పని చెప్పారు.

భయంతో కొట్టానా? మొదటి దెబ్బ భయమే. మరి మిగతావి? అతని మూలుగులో మాటలేవీ మిగల్లేదని తెలిశాక కూడా నా చెయ్యి ఎందుకు ఆగలేదు? ఆ దెబ్బల్లో నాకేదో హాయి దొరికింది. ఇన్నేళ్ళూ దాచింది గ్రీజుని కాదు, దాన్ని.

బావ పాదం తీసేశారు. దానియేలు ఊరొదిలి పోయాడు. నేను కువైట్ వెళ్ళాను.

బావ ఇప్పటికీ కర్ర గోడకి ఆనించి, ఇంటికి వచ్చినవాళ్ళకల్లా చెబుతాడు: "నా కాలికోసం మా బామ్మర్ది ఒకడి దవడ ఇరగ్గొట్టేసినాడు!" అని. చెప్పి, సేపల పులుసులో పెద్ద ముక్క నా కంచంలో వేస్తాడు. నేను తింటాను.

ఆయనకు చెప్పే ధైర్యం ఇవాళ్టికీ లేదు. దానియేలు ఎక్కడున్నాడో తెలీదు. అతను అడిగిన దానికి మాత్రం ఇదిగో, జవాబు చెబుతున్నాను.

నాకు సైకిలు లేదు.