అక్క పెట్టెలోని ఆల్ప్స్ రాయి

దెయ్యాలని నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం చదువూ కాదు, ధైర్యమూ కాదు. పెంటపాడు దారిలో కల్వర్టు దగ్గర తెల్లచీర ఆవిడ లిఫ్టు అడుగుతుందని మా వైపు చెప్పుకుంటారు. ఆవిడని పుట్టించింది నేనే. ఓ వానరోజు టీ కొట్టు దగ్గర ఊసుపోక చెప్పాను. మూడేళ్ళ తర్వాత ఒక ఆటో అతను, ఆవిడ తన ఆటోలోనే ఎక్కిందనీ, సీటు తడిసిపోయిందనీ నాకే చెప్పాడు. సరుకు తయారుచేసేవాడికి ఆ సరుకు మీద భ్రమలుండవు.

ఇప్పుడు రాస్తున్నది నేను తయారుచేసింది కాదు. నా మాట ఎవరూ నమ్మరని తెలిసే రాస్తున్నాను.

కాపురం ఏలూరులో. కైకలూరులో ఐసు, చేపల మేత అమ్మే కొట్టుంది. మా అక్క రత్నకుమారి నాకంటే పదేళ్ళు పెద్దది. తాడేపల్లిగూడెంలో ఒక మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పింది. పెళ్ళి చేసుకోలేదు. ఆల్ప్స్ పర్వతాల పాఠం వచ్చినరోజు బల్లమీద తువ్వాలు పరిచి, రెండు వైపుల నుంచీ చేతులతో నెట్టేది. మధ్యలో ముడతలు పడి పైకి లేచేది. "ముడుత పర్వతాలంటే ఇవేనర్రా" అనేది. మా వైపు పిల్లలకి కొండంటే ఆ తువ్వాలే. వరిచేలూ చేపల చెరువులూ ఉన్న నేల మాది. ఎంత తవ్వినా నల్లమట్టే వస్తుంది గాని రాయి తగలదు. రాయి కావాలంటే రైలు పట్టాల దగ్గర కంకర ఏరుకోవాలి.

పదకొండేళ్ళ క్రితం నేను అదే పని చేశాను.

అప్పుడు నాకు పైల్స్ ఆపరేషన్ అయింది. విశాఖపట్నంలో పదిరోజులు బోర్లా పడుకుని వచ్చాను. ఎక్కడికెళ్ళావని అడిగితే ఆ మాట చెప్పలేక, రొయ్యల ఎగుమతి వాళ్ళతో స్విట్జర్లాండ్, ఆస్ట్రియా వెళ్ళొచ్చానన్నాను. నోరు తిరిగాక ఆగుతుందా? అక్కడి ఐసుకి వాసన ఉండదన్నాను. ఆవుల మెడలో గంటలు మన చర్చి గంటంత ఉంటాయన్నాను. కైకలూరంతా నోరు తెరుచుకుని విన్నది. అక్క ఇంకా ఎక్కువ విన్నది. ఉత్తచేతుల్తో రావడం బాగుండదని, అక్కని చూడ్డానికి గూడెం స్టేషన్లో దిగినప్పుడు పట్టాల పక్క నుంచి గుప్పెడంత నల్ల కంకర రాయి తీసి జేబులో వేసుకున్నాను. "ఇన్స్‌బ్రుక్ కొండమీద నీ కోసం ఏరానక్కా" అని చేతిలో పెట్టాను. ఆస్ట్రియాలో, ఆల్ప్స్ మధ్య ఉన్న ఆ ఊరిపేరు ఆవిడ అట్లాసులో చూసిందే.

ఆ రాయిని రిటైరయ్యేదాకా ప్రతి ఏడూ క్లాసులో పిల్లల చేతికిచ్చి చూపించింది.

రిటైరైన మరుసటేడు, వేసవిలో ఆల్ప్స్ చూసి, అక్కణ్ణించి వియన్నా, ప్రాగ్ రైళ్ళ మీద తిరిగి రావాలని నిర్ణయించుకుంది. ఒక్కతే వెళ్ళే ధైర్యం లేదు. "నువ్వు వెళ్ళొచ్చినవాడివి, దారి నీకు తెలుసు. నువ్వుంటే నాకు బెంగలేదురా ప్రభా" అంది. ఆవిడ అంతగా నమ్మిన మాటని ఎలా కాదనను? సరేనన్నాను.

ప్రయాణమంతా ఒక పొడుగు నోటుబుక్కులో రాసుకుంది, అదీ పాఠ్యప్రణాళిక పద్ధతిలో. స్కేలు పెట్టి గళ్ళు గీసింది. తేదీ, స్థలం, లక్ష్యం, బోధనోపకరణాలు, మూల్యాంకనం. జ్యూరిక్ తర్వాతి రోజు ఎదురుగా లక్ష్యం: హిమానీనదమును దగ్గరగా చూచుట. బోధనోపకరణాలు: బూట్లు, స్వెట్టరు, చింతకాయ పచ్చడి. మూల్యాంకనం గడి అన్ని రోజులకీ ఖాళీ. "చూశాక కదరా రాయాలి" అంది.

ఫిబ్రవరిలో తన కాగితాలన్నీ నా చేతికిచ్చింది. హైదరాబాదులో వీసా స్లాటు నేను బుక్ చెయ్యాలి. చెయ్యలేదు. నాకసలు పాస్‌పోర్టే లేదు. రెన్యూవల్‌కి ఇచ్చానన్నాను. తర్వాత స్లాట్లు దొరకడం లేదన్నాను. సర్వర్ పడుకుందన్నాను. మా ఆవిడకి సంగతి తెలుసు. "వదినకి నిజం చెప్పెయ్యండి. పైల్స్ రావడం పాపమేం కాదు" అని పోరేది. రేపు చెబుతానంటూ వచ్చాను.

ఏప్రిల్లోనే అక్క పెట్టె సర్దేసింది. బరువు మించకూడదని బస్సెక్కి కైకలూరు మా కొట్టుకి తీసుకొచ్చింది. మా కాటా చేపలకి వాడేది. చేపలు తడి క్రేటుతో సహా తూస్తాం కాబట్టి, క్రేటు కింద రెండు కిలోలు దానంతటదే తగ్గించి చూపించేలా పెట్టి ఉంచుతాం. కాటా దగ్గర పనిచేసే సత్తిబాబు పాతికేళ్ళుగా నా దగ్గరే ఉన్నాడు. అలవాటుకొద్దీ ఆ తరుగు తియ్యకుండానే పెట్టెని తూచేశాడు.

అక్క ఊరుకోలేదు. పెట్టె దింపించి తనే కాటా ఎక్కింది.

"సత్తిబాబూ, నేను యాభై రెండు. యాభై చూపిస్తోంది నీ కాటా."

"మీరు చిక్కారేమోనండీ టీచర్ గారూ."

"మీ కొట్టుకొచ్చేలోపు రెండు కిలోలు చిక్కానా? సరిచెయ్యి."

సరిచేసి తూస్తే పంతొమ్మిది కిలోల నాలుగు వందలు. తగ్గించాలేమోనని పెట్టె తెరిస్తే బూట్ల పక్కన చార్టు కాగితంలో చుట్టిన రాయి కనబడింది. "ఇదెందుకండీ, ఊరికే బరువు" అంటూ సత్తిబాబు దాన్నీ తూశాడు. మూడువందల యాభై. మా కాటా యాభై గ్రాముల లెక్కనే చూపిస్తుంది, అంతకంటే సన్నంగా చూపించదు.

"అది ఉండాల్సిందే, పెట్టెయ్" అంది అక్క. నేను ఐసు మిల్లు వైపు చూస్తూ నిలబడ్డాను.

సత్తిబాబు చేపల పెట్టెలకి కట్టినట్టే దానికీ ప్లాస్టిక్ పట్టీ అడ్డంగా, నిలువుగా బిగించి, ఇనప క్లిప్పులు నొక్కేశాడు. వాటిని కోస్తేనే గాని పెట్టె తెరుచుకోదు. మార్కరుతో పైన 19.400 అని రాశాడు. బయల్దేరేది మా ఇంటి నుంచే కాబట్టి ఏలూరులో మా అటక మీద పెట్టాం.

మే నెలలో ఒక సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "స్లాటు దొరికిందా?" అంది. వచ్చే సోమవారం ఖాయమన్నాను. "అయితే గొడుగొకటి కొనుక్కుంటాను, అక్కడ జూన్లో కూడా వాన పడుతుందట" అంది. మర్నాడు ఉదయం స్నానానికి నీళ్ళు తోడుకుంటూ పడిపోయింది. నేను గూడెం చేరేసరికే అయిపోయింది. కొత్త గొడుగు గుమ్మం పక్కన ఉంది. ముందురోజు రాత్రే కొనేసినట్టుంది, నా సోమవారం మీద అంత నమ్మకం.

జూన్ నెలాఖరులో, ఆవిడ నోటుబుక్కు ప్రకారం తిరిగొచ్చే తేదీ దాటాక, పెట్టెలో బట్టలు కైకలూరులో ఒక వృద్ధాశ్రమానికి ఇద్దామనుకున్నాం. అటక మీంచి నేనే దించాను. పట్టీలూ క్లిప్పులూ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. కొట్టుకి పట్టుకెళ్ళాను. పట్టీ కోసే కత్తి అక్కడే ఉంటుంది.

సత్తిబాబు ఏ పెట్టె వచ్చినా కాటా మీద పెట్టకుండా కొయ్యడు. దీన్నీ పెట్టాడు. పంతొమ్మిది ఏడువందల యాభై.

తరుగు తియ్యడం మర్చిపోయావన్నాను. "అదయితే తగ్గాలి గాని పెరగదు కదండీ" అన్నాడు. చూస్తే తరుగు తీసే ఉంది. పదికిలోల తూకం రాయి పెట్టి చూశాడు, సరిగ్గా పది. వానాకాలం, బట్టలకి చెమ్మ పట్టుంటుందనుకున్నాం. కోశాం. బట్టలు పొడిగానే ఉన్నాయి.

బూట్ల పక్కన అదే చార్టు కాగితం, అదే దారం. నేను విప్పాను.

లోపలున్నది నల్లరాయి కాదు. బూడిదరంగులో ఉంది, అడ్డంగా తెల్లటి చార, ఒకవైపు నీళ్ళలో అరిగినట్టు నున్నగా ఉంది. సత్తిబాబు దాన్ని నా చేతిలోంచి తీసుకుని కాటా మీద పెట్టాడు. ఏడువందలు.

"అప్పుడు నల్లగా ఉందండీ" అన్నాడు. తర్వాత వెళ్ళి చేతులు కడుక్కున్నాడు.

గణపవరం వైపు రోడ్డు కాంట్రాక్టులు చేసే ఒకాయనకి ఆ రాయి చూపించాను. సున్నపురాయి జాతి అన్నాడు. మా రోడ్లకీ పట్టాలకీ వాడేది కాదు, పల్నాడు వైపుదైనా కావచ్చు, కాకపోనూవచ్చు అన్నాడు. అంతకుమించి నా దగ్గర రుజువులేదు.

టీ కొట్టు దగ్గర చెప్పాను. శ్రద్ధగానే విన్నారు. "ఈసారిది బాగుందండీ ప్రభాకర్ గారూ. కల్వర్టు ఆవిడ కంటే బాగుంది" అన్నారు. సత్తిబాబుని అడగండన్నాను. మీ దగ్గర పనిచేసేవాడు మీ మాట కాదంటాడా అన్నారు. మా ఆవిడ రాయిని చూసి, "మీరే మార్చి ఉంటారు" అంది. కోపంగా కాదు, జాలిగా అంది. ఈమధ్య సత్తిబాబు కూడా నన్ను అదోలా చూస్తున్నాడు. పెట్టె రెండు నెలలు మా ఇంట్లోనే ఉంది కదా.

నేను స్విట్జర్లాండ్ వెళ్ళలేదని, అప్పుడు పైల్స్ ఆపరేషన్ అయిందని కూడా చెప్పేశాను. అదీ నమ్మలేదు. ఆవుల గంటల సంగతి అంత వివరంగా చెప్పినవాడు వెళ్ళకుండా ఎలా ఉంటాడని వాళ్ళ వాదన.

నోటుబుక్కు నేను ఆలస్యంగా తెరిచాను. ఇన్స్‌బ్రుక్ రోజు ఎదురుగా లక్ష్యం గడిలో అక్క గుండ్రటి అక్షరాలు: తమ్ముడు రాయి ఏరిన చోటును తమ్ముడే చూపించుట. రాయిని అక్కడ పెట్టి, అక్కడి రాయి ఒకటి తెచ్చుట.

ఏ రాయి ఎలాంటిదో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి. బడికి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ గూడెంలో రైలు గేటు దగ్గర ఆ నల్ల కంకర చూస్తూ పట్టాలు దాటిన మనిషి. నమ్మి రాసిందో, తెలిసే రాసిందో నాకు తెలియదు. అడగడానికి నాకు పదకొండేళ్ళ టైము ఉండింది.

రాయి ఎలా మారిందో చెప్పలేను. చెమ్మ అనీ, కాటా అనీ, నా మతిమరుపనీ అన్నీ అనుకుని చూశాను, ఏదీ అతకలేదు. ఇప్పుడది కొట్టులో నా బల్ల మీద ఉంది. ఎవరైనా ఎక్కడిదండీ అని అడిగితే అక్క తెచ్చిందంటాను. వాళ్ళు నవ్వుతారు, నేను టీ తెప్పిస్తాను.