తుపాకుల షాపులో కొన్న ఫర్వా

కొత్త కంపెనీ నన్ను అడిగినవి మూడే: పాస్‌పోర్టు, ఈ దేశంలో ఉండనిచ్చే అకామా కార్డు, మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు. మొదటి రెండింటిలో నా ఫొటో ఉంటుంది. మూడో దాంట్లో మొత్తం నేనే ఉంటానని అప్పటికి తెలియదు.

మా పాత కంపెనీ, సౌదీ సర్కారు కంపెనీలకు రంగులిచ్చే నితాఖత్‌లో ఎరుపులోకి జారింది. చాలినంతమంది సౌదీలను పెట్టుకోలేదు, తలకింత అని కట్టాల్సిన లెవీకి కూడా చేతులెత్తేసింది. ఇక మా అకామాలు రెన్యువల్ కావు. నాది ఇంకా ఇరవై ఆరు రోజులుంది. ఆలోపు ఆకుపచ్చ కంపెనీ ఏదైనా నన్ను తన మీదికి మార్చుకోవాలి, లేదా ఎగ్జిట్, ఇంటిదారి. ఏసీ డక్టుల్లో పాకేవాడికి రంగులతో ఇంత పని పడుతుందని ఎవరూ చెప్పలేదు.

శుక్రవారం బిర్యానీ తిన్నాక, బతా బజారులోని మా గదిలో స్టేట్‌మెంటు పరిచాను. షాపుల పేర్లన్నీ అరబ్బీలో ఉన్నాయి. గదిలో అరబ్బీ చదవగలిగేది హైదరాబాదు డ్రైవర్ భాయ్ ఒక్కడే. ఆయన వార్తల్లా గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.

“ఫలూదా. మళ్లీ ఫలూదా. అత్తరు దుకాణం... ఎవరికి మియా అత్తరు?”

“డక్టులకు భాయ్. లోపల వాసన.”

తర్వాతి లైను దగ్గర ఆయన వేలు ఆగింది.

“అస్లిహా. హతియార్ల దుకాణం ఇది. నూట నలభై రియాల్. బందూక్ ఎప్పుడు కొన్నావ్ మియా?”

జగిత్యాల వైపు మేస్త్రి కాక లేచి, తలుపు గడియ పెట్టి వచ్చాడు.

“గడియ ఎందుకు కాకా?”

“సప్పుడు జెయ్యకురా. ఎవలన్న ఇంటరు.”

“కాయితం ఇచ్చిందే బ్యాంకోడు. ఇంక ఎవలు ఇనాలె?”

నేను కొన్నది ఫర్వా, అంటే ఇక్కడివాళ్లు చలికి వేసుకునే గొర్రెతోలు కోటు. జనవరిలో పొద్దున్నే సైటుకు పోతుంటే పళ్లు టకటకలాడేవి. ఎడారి విహారాల సామాను అమ్మే షాపు కనబడితే దూరాను. గుడారాలు, బొగ్గు పొయ్యిలు, ఫర్వాలు ఉన్నాయి. చివరన అద్దం వెనక వేట తుపాకులు కూడా ఉన్నాయి. సిమ్ కార్డుకే వేలిముద్ర అడిగే దేశం నూట నలభై రియాళ్లకు నాకు తుపాకీ ఇస్తుందా? ఇవ్వదని నాకు తెలుసు. కానీ ఆ కాయితం నువ్వు ఎక్కడికి పోయావో చెబుతుంది, ఏం తెచ్చుకున్నావో చెప్పదు. ఇరవై ఆరు రోజులున్నవాడిని ఎవరైనా ఆగి అడుగుతారా, పక్కన పెట్టేస్తారా?

“అందుకే బిడ్డా, జీతం పడంగనే నేను ఏటీఎం మిషన్లకెల్లి పైసలు మొత్తం గుంజుకుంట. నోటు మీద పేరుండది” అన్నాడు కాక. రెండేళ్లుగా ఆ అలవాటు మీద జోకులేస్తున్న నాకు ఆ రోజు ఒక్కటీ దొరకలేదు.

“ఆ లైను మీద నా మీసాల రంగు పుయ్యి. నల్లగయితది” అన్నాడు మళ్లీ కాకే.

ఇప్పుడు దొరికింది. “నీ మీసాలనే నమ్మలేదు కాకా ఎవలూ. బ్యాంకు ముద్రున్న కాయితాన్ని నమ్ముతరా?”

ఆదివారం ఇంటర్వ్యూకు ఫర్వా వేసుకుపోయాను. మార్చి నెలాఖరు. వాచ్‌మన్ నన్ను చూసి రెండు అడుగులు వెనక్కి వేశాడు.

హెచ్‌ఆర్ కుర్చీలో సౌదీ కుర్రాడు, నాకంటే చిన్నవాడే. ఆ ఉద్యోగాలిప్పుడు వాళ్లకే. స్టేట్‌మెంటు మీద వేలు పెట్టి కిందికి దిగుతున్నాడు. ఫలూదాలు దాటాడు. అత్తరు దగ్గర ఒకసారి నావైపు చూశాడు. సొంత తమ్ముడికి కూడా చెప్పని సంగతులు ముక్కూ మొహం తెలియనివాడి వేలి కింద ఒక్కొక్కటే పోతుంటే, కోటు లోపల నేను ఉడికిపోతున్నాను. వేలు ఆగింది.

“సిలాహ్?” అన్నాడు. ఆయుధమా అని.

నేను కోటు అంచు పైకెత్తి చూపించాను. భాయ్ నేర్పించిన అరబ్బీ వాక్యం మరిచిపోయాను. “ఫర్వా” అని మాత్రం అన్నాను, చెమట కారుతుండగా.

అతను కోటును చూశాడు, కాయితాన్ని చూశాడు, నుదుటి మీద చెమటను చూశాడు. టేబుల్ మీద తల వాల్చి నవ్వాడు. తేరుకుని, “నూట నలభైయా? బురైదాలో మా అన్న తొంభైకే కొన్నాడు. నిన్ను దోచుకున్నారు” అన్నాడు. నా స్టేట్‌మెంటులో అతనికి దొరికిన నేరం అదొక్కటే. కోటు విప్పమన్నాడు. నీళ్ల సీసా నావైపు జరిపి, కాయితంలో ప్రతి శుక్రవారం కనబడుతున్న ఆ బిర్యానీ ఎక్కడ బాగుంటుందో అడిగాడు.

అకామాకు ఇంకా పదకొండు రోజులుండగా, బదిలీకి ఒప్పుకోమని ఫోనుకు మెసేజ్ వచ్చింది. మెట్ల మీద నిలబడే ‘ఒప్పుకుంటున్నా’ అన్నదాన్ని నొక్కాను. ఎన్నాళ్లుగా ఊపిరి సగమే పీలుస్తున్నానో అప్పుడు తెలిసింది.

కొత్త కంపెనీ మొదటి జీతం పడిన రోజు మిషన్ దగ్గర వరుసలో కాక నిలబడి ఉన్నాడు. వెనకాల నేను చేరాను.

“ఏందిరా, నువ్వు గూడనా?”

“అత్తరు కొనేదున్నది కాకా.”