దిబ్బ మీద కట్టిన పశువులు

వరద అనగానే వాన గురించి అడిగేవాళ్లతో నాకు మాట్లాడబుద్ధి కాదు. తుపాను పట్టి మా నెత్తినే కురిస్తే నీళ్లు చేలో నిలబడి వరి కుళ్లిపోతుంది, అదొక వరద. చెరువు గట్టు తెగితే వచ్చేది ఇంకొకటి, ఒక్క పూటలో ఊరు ముంచి పోతుంది. ఈ రెండూ చెప్పే వస్తాయి, మబ్బు కనిపిస్తుంది కదా. మూడోది చెప్పదు. ఎక్కడో ఒడిశా కొండల మీద కుండపోతగా కురుస్తుంది, ఆ నీళ్లన్నీ వాలు పట్టుకుని వంశధారలో పడతాయి. అప్పుడు ఇక్కడ మేం ఎండలో బట్టలు ఆరేసుకుంటూ ఉంటాం. మా అత్తను తీసుకుపోయింది ఆ మూడోదే.

మాది శ్రీముఖలింగానికి కాస్త దిగువన, ఏటి ఒడ్డు ఊరు. నాట్లు పడగానే దండోరా వేస్తారు, ఎవరి పశువూ చేలో పడకూడదని. పడిందా, ఆ తిట్లు వినలేం. మేపడానికి ఖాళీ నేల ఎక్కడుంది? అందుకని అందరూ ఏటి మధ్య ఇసుక దిబ్బ మీద గుంజలు పాతి పశువుల్ని కట్టేసి వస్తారు. అక్కడ గడ్డి ఉంటుంది. మోకాలిలోతు నీళ్లు దాటితే చాలు. సాయంత్రం విప్పి తోలుకొస్తారు.

ఆ రోజు పొద్దున్న పశువుల్ని దిబ్బ మీద కట్టేసి వచ్చాక మైకు ఆటో తిరిగింది. పైన పెద్ద వానలట, ఏట్లోకి దిగొద్దట. ఊరంతా తలెత్తి ఆకాశం చూసింది. మబ్బు తునక లేదు. "ఈళ్లకేటీ పన్నేదు" అని నవ్వుకుని ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. మా అత్త మాత్రం చద్దన్నం సగంలో వదిలేసి లేచింది. మా గేదె చూడిది, నెలలు నిండాయి. మా ఇంటికి ఉన్న ఆధారం అదొక్కటే.

"ఇప్పీసి తోలుకొస్తాను. నువ్వు కుడితి కలిపీసి ఉంచు" అంది.

"నువ్వుండత్తా, నేనెల్తాను."

"నీ మాట అది ఇంటాదేటి? ఉండే."

మనసు ఊరుకోక వెనకే వెళ్లాను. నేను ఒడ్డు చేరేసరికి నీళ్ల రంగు మారిపోయింది. ఎర్రటి బురద, నురగ, కొట్టుకొస్తున్న కొమ్మలు. ఆవిడ అప్పటికే దిబ్బ మీద ఉంది, మా గేదెను విప్పి నీళ్లలోకి దించుతోంది. గేదె ఈదుతుంది. తోక పట్టుకుంటే మనిషినీ ఒడ్డుకు చేరుస్తుంది. అది మా ఊళ్లో అందరికీ తెలుసు.

"తోకట్టుకో అత్తా! వచ్చీ!" అని గొంతు చించుకున్నాను.

పట్టుకుంది. వెనక్కి తిరిగి చూసింది. మిగతా పశువులు కట్టు తెంచుకోలేక అరుస్తున్నాయి, నీళ్లు వాటి పొట్టల్ని తాకుతున్నాయి. తోక వదిలేసింది. గేదె ఒక్కటే ఈదుకుంటూ ఒడ్డెక్కింది.

"గుంజకాడే సచ్చిపోతాయే! ఇప్పీసి వస్తానుండు!"

తడిసిన తాడు ముడి ఓ పట్టాన రాదు. చేతిలో కత్తి లేదు. పళ్లతో లాగింది. ఒక్కో పశువూ నీళ్లలో దిగి వచ్చేస్తోంది, ఆవిడ మాత్రం రాదు. తిట్టాను, ఏడ్చాను, ఊళ్లోకి వినబడేలా కేకలేశాను. మనుషులు తాళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు గానీ, దిగినవాళ్లను దిగినట్టే ఏరు ఒడ్డుకు తోసేసింది.

చివరికి మిగిలినవి మా పక్కింటాయన ఎడ్లు. పొలం గట్టు తగాదాతో ఆ ఇంటివైపు చూడడం కూడా మానేసింది మా అత్త. పెళ్లికి పిలిచినా గడప తొక్కలేదు. ఆ ఎడ్ల దగ్గరికే వెళ్లి వంగింది. ముడులు నీళ్ల కింద ఉన్నాయి. ఒక ఎద్దు విడిపోయింది. కాసేపటికి రెండోదీ విడిపోయింది. ఆవిడ తల మళ్లీ పైకి రాలేదు.

మర్నాడు దిగువన తుప్పల్లో దొరికింది. వేళ్ల గోళ్లన్నీ చిట్లిపోయి ఉన్నాయి.

దినం నాడు పక్కింటాయన వచ్చి గుమ్మం బయటే నిలబడి ఏడ్చాడు. "మహాతల్లి, నా ఎడ్లని బతికించీసింది" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "నీ ఎడ్లని ఇప్పుకోడానికి నీకు కాళ్లు నేవేటి?" అని అందరి ముందూ అడిగేశాను.

"వాన నేదు గదమ్మా" అన్నాడు.

అబద్ధం చెప్పలేదు. అందుకే ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో నాకు తెలియడం లేదు. ఆ ఎడ్లు ఇప్పటికీ మా ఇంటి ముందు నుంచే పొలానికి వెళ్తాయి. మువ్వల చప్పుడు వినబడగానే తలుపు వేసేస్తాను. నోరులేని జీవాలు, వాటి తప్పేముంది? అయినా వేసేస్తాను.