పాప కాళ్ళకు కుట్టించిన సంచులు

మా పాప వెన్ను కింద చిన్న గడ్డతో పుట్టింది. కాకినాడలో ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు గానీ మోకాళ్ళ కిందికి స్పర్శ రాలేదు. కాళ్ళు ముద్దుగానే ఉంటాయి. గిల్లినా, చక్కిలిగిలి పెట్టినా వాటికి తెలియదు. నేను డిగ్రీలో జువాలజీ చదివాను. ప్రాక్టికల్స్‌లో కప్ప తొడలోని తెల్లటి నరాన్ని సూదితో తాకితే కాలు ఎగిరిపడేది, మేమంతా నవ్వేవాళ్ళం. పాప కాళ్ళకు నూనె రాస్తుంటే ఇప్పటికీ ఆ కప్ప కాలే గుర్తొస్తుంది.

అమలాపురంలో ఒక డాక్టరమ్మగారు వారానికోసారి వ్యాయామాలు చేయించేవారు. మానకుండా తీసుకొస్తే, కొన్నాళ్ళకు కాళ్ళకు ఇనప పట్టీలు కట్టి నిలబెట్టగలమేమో చూద్దాం అన్నారు. ఆ "చూద్దాం"నే మేము పట్టుకున్నాం. మా ఊరు పలివెల నుంచి లోపలికి. పాపను ఎత్తుకుని బస్సులు మారడం అయ్యే పని కాదు. మా వారి మోటారు సైకిలే దిక్కు.

బండి మీద ఆయన వెనక పాప, పాప వెనక పక్కకు తిరిగి నేను. పాప కాళ్ళు మాత్రం ఎటు వదిలితే అటు వేలాడేవి. ఒకరోజు ఇంటికొచ్చి గౌను మారుస్తుంటే కుడి పిక్క మీద చర్మం ఊడిపోయి కనిపించింది. దారిపొడవునా కాలు సైలెన్సరుకు ఆనుకునే ఉందన్నమాట. పాపేమో దారంతా పాటలు పాడుతూనే వచ్చింది.

అప్పుడు మా వారికి సంచుల ఆలోచన వచ్చింది. సీటు మీదుగా బెల్టులు వేసి, రెండు పక్కలా రెండు మెత్తటి సంచులు వేలాడదీసి, ఒక్కో సంచిలో ఒక్కో కాలు దింపాలని. కొత్తపేటలో సీటు కవర్లు కుట్టేవాడి చేత పైన రెక్సిను, లోపల గుడ్డ వేయించి కుట్టించుకొచ్చారు. మావయ్యగారు అరుగు మీద కూర్చుని వాటిని తిరగేసి చూశారు.

"ఏరా, బండికి కంట్లం వేస్తన్నావా? మేం ఎద్దు మీద ధాన్యానికి వేసేవోళ్ళం. మరి దీనికి మేతెవడెడతాడు?"

"దీనికి మేతక్కర్లేదు నాన్నా, పెట్రోలు తాగుద్ది."

"అయితే ఎద్దే నయంరా. పేడైనా వేసేది."

అలా అన్నారే గానీ, కాసేపటికి ఆయనే కొబ్బరి పీచు తెచ్చి, దుమ్ము దులిపి, చిక్కులు విడదీసి, గుడ్డకూ రెక్సినుకూ మధ్య కూరడం మొదలుపెట్టారు. "దూదైతే వానకి ముద్దయిపోద్దమ్మా. పీచైతే మెత్తగా ఉంటది, పాడవదు," అన్నారు నాతో. మా ఇంట్లో పరుపులు, దిళ్ళు, గుమ్మంలో పట్టాలు అన్నీ పీచువే. అంట్లు తోమేదీ దాంతోనే. అందుకని ఎవరికీ వేరే ఆలోచన రాలేదు. అదే పీచుతాడు కిళ్ళీకొట్ల దగ్గర రోజంతా రాజుకుంటూ ఉంటుంది, దాంతోనే బీడీలు ముట్టించుకుంటారు. రోజూ చూసేదే.

సంచులతో బయల్దేరిన మొదటిసారి హాయిగా అనిపించింది. అంబాజీపేట చేరేసరికి కొబ్బరికాయలు ఎత్తుతున్న లారీలు అడ్డంగా ఉండి బండి ఆగింది. ఏదో మాడుతున్న వాసన. పక్కన కొబ్బరి డొక్కలు కాలుస్తున్నారేమో అనుకున్నాను. కాయలు అందిస్తున్నతను మావైపు చూసి పరుగెత్తుకొచ్చాడు.

"ఏవండి, దిగండి దిగండి. సంచిలోంచి పొగొస్తందండి. పిల్లని తీసెయ్యండి ముందు."

కాలి బరువుకు కుడి సంచి సాగి సైలెన్సరు మీదకు జారింది. రెక్సిను కరిగి లోపలి పీచు అంటుకుంది. మంట లేదు, పొగే. పాప కాలు బయటికి లాగేసరికి సాక్సు కొస నల్లబడింది. మడమ మీద బొబ్బ లేచింది. ఆ మనిషి సంచి మీద కుండెడు నీళ్ళు గుమ్మరించాడు.

నేను ఏడుస్తుంటే పాప నా ముఖంలోకి చూసి, "ఎవరికి కాలిందమ్మా?" అని అడిగింది.

సాక్సు విప్పేసి, మడమ కనపడకుండా కొంగు కప్పాను.

మావయ్యగారు ఆ సాయంత్రం మిగిలిన సంచిలోని పీచంతా పశువులపాకలో పారబోసి వచ్చారు. భోజనానికి లేవలేదు.

ఈసారి బూరుగుదూది నింపాం. సంచి కిందికి జారకుండా, చక్రం వైపు ఒరగకుండా ఇనప కమ్మీలు పెట్టించడానికి వెల్డింగు షాపుకు వెళ్ళాం. షాపతను ముందు ఖాళీ బండికి కొలత తీసి కమ్మీ వంచాడు. తీరా మేం ఎక్కేసరికి బండి కుంగి, కమ్మీ కొస చక్రానికి రాసుకుంది.

"ముగ్గురూ దిగకుండా అలాగే కూర్చోండమ్మా. మీ బరువుతోనే కొలత తియ్యాలి."

"మా బరువు ఊళ్ళో చెప్పరు కదా?" అన్నారు మా వారు.

"మీది చెప్పనండి. పాపగారిదే చెప్తాను, బస్తాడు ఉన్నారని."

పాప పకపకా నవ్వింది. కమ్మీని సైలెన్సరుకు దూరంగా తప్పించి వంచి, పైకొస సీటు కిందా, కిందికొస కాలుపెట్టే కడ్డీ దగ్గరా బోల్టు వేసి బిగించాడు. సంచి ఇక కదల్లేదు. ఆ వానాకాలం, చలికాలం ఒక్క వారం కూడా మానలేదు. ప్రతి మలుపులోనూ నా చెయ్యి సంచి అడుగుకు వెళ్ళేది, వేడిగా ఉందేమోనని. ఒక్కసారీ లేదు.

వేసవిలో డాక్టరమ్మగారు కొత్త ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు. "తుంటి కీళ్ళు జారిపోయాయండి. పట్టీలు కట్టినా ఇక నిలబడటం కుదరదు. ఈ వ్యాయామాలు ఇంట్లోనే చేయించండి. పసిదాన్ని ఎండలో ఇంత దూరం తిప్పకండి."

"ఆయ్," అన్నారు మా వారు.

"తల్లిగారికి కూడా అర్థమయ్యేలా చెప్పండి."

"ఆయ్, చెప్తానండి."

నేను పక్కనే ఉన్నాను. అర్థం కాకపోవడానికి ఏముంది? బయటికొచ్చాక ఆయన పాప కాళ్ళు ఒక్కొక్కటీ సంచుల్లో దింపి, మడతలు సర్ది, బెల్టు లాగి చూసి, మళ్ళీ లాగి చూశారు. ముఖం మాత్రం ఎత్తలేదు.

"మళ్ళీ ఎప్పుడొస్తాం నాన్నా?"

"వచ్చే వారం."

వచ్చే వారం ఆ వేళకు ఆయన నిజంగానే బండి బయటికి తీశారు. నేనూ పాపకు సాక్సు తొడిగాను. అంబాజీపేట దాకా వెళ్ళి, టీ తాగి, డాక్టరమ్మగారు ఊళ్ళో లేరట అని చెప్పి వెనక్కి తిప్పారు. ఆ తరువాతి వారమూ ఆవిడ ఊళ్ళో లేరు. మూడోసారి పాప, "పోనీలే నాన్నా, ఆవిడొచ్చేదాకా ఇలాగే వద్దాం," అంది. ఆయన టీ గ్లాసు దింపి బండి స్టార్టు చేశారు.

ఇప్పుడు తను నిద్రపోయింది కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. ఇవాళ సంచిలో కాలు పెట్టబోతే మోకాలు పైకి లేచిపోయింది. నిలబడకపోయినా కాళ్ళు ఎదుగుతున్నాయి. మా వారు టేపు పెట్టి చూసి, కమ్మీలు ఇంకాస్త కిందికి దింపించాలి అన్నారు. రేపు వెల్డింగు షాపు దగ్గర ముగ్గురం మళ్ళీ అలాగే దిగకుండా కూర్చోవాలి. ఇంకా అమలాపురం వెళ్తున్నారా అని అతను అడుగుతాడు. పాప వింటుంటే ఏం చెప్పాలో మేమింకా అనుకోలేదు.