కెప్టెన్ రెండోసారి ఎందుకు చచ్చిపోతాడు

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఔత్సాహిక నాటక బృందానికి దుస్తులు కుట్టే హైమవతికి ఒక పిచ్చి ఉండేది. నవల నుంచి తీసిన నాటకమైతే చాలు, ఆ నవల తెచ్చి, ఎక్కడ ఏం మార్చారో వెతికేది. 1979లో వేసిన ఇంగ్లీషు నాటకంలో అలాంటిదే దొరికింది. నవలలో ముసలి కెప్టెన్ ఒక్క వాక్యంలో ప్రాణం వదులుతాడు. నాటకంలో పేజీ నిండా మాట్లాడి గానీ పోడు.

తొలి ప్రదర్శనకు, తెనాలి నుంచి చూడవచ్చిన మామగారు వీరాంజనేయులుని తీసుకెళ్ళింది. పద్యనాటకాల్లో పుట్టి పెరిగిన మనిషాయె! కెప్టెన్ కన్నుమూయగానే లేచి నిలబడి, "వన్స్ మోర్!" అని కేకేశారు.

హైమవతికి తల కొట్టేసినట్టయింది. "మామయ్యగారూ, కూర్చోండి! ఇక్కడలా అడగరు."

"అడక్కపోతే బాగా చేశాడని వాడికెలా తెలుస్తుందమ్మా?"

స్టేజి మీద శవం ఒక కన్ను తెరిచింది. కాసేపు ఆలోచించి, లేచి, మొత్తం మళ్ళీ చెప్పి మళ్ళీ చచ్చిపోయింది. హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

1987లో అదే నాటకం మళ్ళీ వేశారు. దర్శకుడూ కొత్త, నటులూ కొత్త. రిహార్సల్లో కెప్టెన్ చచ్చి, లేచి, మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఇది నవల్లో లేదే?" అంది హైమవతి, ఏమీ ఎరగనట్టు.

దర్శకుడు 1979 నాటి స్క్రిప్టు అంచున, 'చచ్చాక లేచి మళ్ళీ మొత్తం' అన్న పెన్సిల్ రాత చూపించాడు. "ఇది ట్రెడిషన్. లండన్‌లో మొదటి షో నుంచీ ఇలాగే చేస్తున్నారు!"

రెండుసార్లు పడాలి కదా అని, హైమవతి కెప్టెన్ కోటు మోచేతులకు ఇంకో వరస కుట్టు వేసింది.