ఐస్‌లో ట్యూబు, కుర్చీలో మేరీ టీచరు

2008. సికింద్రాబాద్‌లో మోండా మార్కెట్ వెనక సందులో ఒక చిన్న ఆసుపత్రి. అందులో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. బేగంపేట సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఉద్యోగుల్ని హెల్త్ చెకప్‌లకి మా దగ్గరికే పంపేవి. పొద్దున ఏడింటికే ల్యాబ్ ముందు జాతర.

ఆ రోజుల్లోనే మా డాక్టరుగారు నెలసరి ఆగిన షుగర్ పేషెంట్ల మీద ఒక స్టడీ మొదలుపెట్టారు. ఎముక ఆస్టియోకాల్సిన్ అనే హార్మోన్ని వదులుతుంది. కొవ్వు లెప్టిన్‌నీ అడిపోనెక్టిన్‌నీ వదులుతుంది. ఇవన్నీ ఇన్సులిన్ పనిలో వేలు పెడుతున్నాయేమోనని ఆయన అనుమానం. ఈ ఆస్టియోకాల్సిన్ మహా సుకుమారి. తీసిన రక్తాన్ని వెంటనే ఐస్‌లో పెట్టకపోతే పాడైపోతుంది. నా ప్రాణమంతా ఆ ఐస్ డబ్బా మీదే ఉండేది.

ఆ స్టడీకి రక్తమివ్వడానికే మౌలాలి నుంచి మేరీ టీచరు వచ్చారు. యాభై దాటిన మనిషి.

"ఎముకలకి, షుగర్‌కి ఏం సంబంధమమ్మా? జెర సమజయ్యేటట్టు చెప్పు."

"ఎముక కూడా రక్తంలోకి కబుర్లు పంపుతుందట మేడమ్. నిజమో కాదో చూడ్డానికే ఈ టెస్టు. రాత్రి నుంచి ఏమీ తినలేదు కదా?"

"నీళ్ళు తప్ప ఏం ముట్టలే."

రక్తం తీశాను. అటు తిరిగి ట్యూబులు ఐస్‌లో దించుతుంటే, "కళ్ళు తిరుగుతున్నయ్" అన్నారు.

"ఒక్క నిమిషం మేడమ్" అన్నాను. ఇంకో ట్యూబు మిగిలింది. అదీ ఐస్‌లో దించాను.

తిరిగి చూసేసరికి ఆవిడ పక్కకి ఒరిగిపోయి ఉన్నారు. జాకెట్టు చెమటతో తడిసి ముద్దయింది. పిలిస్తే పలకరు. నర్సుని కేకేశాను. నర్సు పరిగెత్తుకొచ్చి వేలు గుచ్చి చూస్తే, డెబ్బైకి తగ్గకూడని షుగర్ ముప్పై ఆరు. నరంలోకి గ్లూకోజ్ ఎక్కిస్తున్నంతసేపూ ఆవిడ చచ్చిపోతారనే అనుకున్నాను.

కాసేపటికి కళ్ళు తెరిచారు. నర్సు అడిగితే మెల్లగా చెప్పారు. "లేవంగనే షుగర్ గోలీ వేసుకున్న. తినొద్దన్నరు గానీ, గోలీ వద్దనలే."

నిజమే. ఖాళీ కడుపున ఆ గోలీ వేసుకుంటే షుగర్ పడిపోతుంది. ముందురోజు ఫోన్‌లో చెప్పింది నేనే. షుగర్ లేని కంపెనీ పిల్లలకి రోజూ అప్పజెప్పే మాటే ఆవిడకీ అప్పజెప్పాను.

వారం తర్వాత మళ్ళీ రక్తమివ్వడానికి వచ్చారు. నేను గోలీ గురించి రెండోసారి అడుగుతుంటే, "గోలీ వేసుకోలే తల్లీ, పరేషాన్ గాకు" అన్నారు. భయపడాల్సింది ఆవిడ. ధైర్యం చెప్పిందీ ఆవిడే.

ట్యూబుని ఎలా కాపాడాలో నాకు చాలామంది నేర్పారు. కుర్చీలో మనిషి కళ్ళు తిరుగుతున్నాయంటే ట్యూబు పాడైపోనివ్వచ్చని మాత్రం మేరీ టీచరు దగ్గరే నేర్చుకున్నాను.